ఇంటి వైరింగ్‌కు వైరు కొనేముందు దాని మీది అక్షరాలు చదవండి

వైరింగ్ సామాను కొనడానికి వెళ్తే చాలా షాపుల్లో "ఎఫ్‌ఆర్ వైరండీ, సేఫ్" అని చేతిలో పెట్టేస్తారు. ఎఫ్‌ఆర్ (ఫ్లేమ్ రిటార్డెంట్) అన్నా, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ (అందులోనే లో స్మోక్ రకం) అన్నా పైతొడుగు పీవీసీయే, అంటే క్లోరిన్ ఉండే ప్లాస్టిక్. మంట తొందరగా పాకదు, రెండోదానికి పొగ కొంచెం తక్కువ. కాలితే మాత్రం రెండింటి నుంచీ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కళ్లు, గొంతు మండిపోయి ఊపిరాడదు. నిద్రలో ఉన్నవాళ్లకు అసలు ప్రమాదం ఈ పొగతోనే.

అడగాల్సింది హెచ్‌ఎఫ్‌ఎఫ్‌ఆర్ (హాలోజన్ ఫ్రీ ఫ్లేమ్ రిటార్డెంట్) వైరు. దీని తొడుగులో క్లోరిన్ ఉండదు, కాబట్టి ఆ వాయువు రాదు, పొగ కూడా బాగా తక్కువ. డబ్బా మీది మాటలు నమ్మకుండా వైరు మీదే ముద్ర చూడండి. ఐఎస్ (భారత ప్రమాణం) 17048 అని ఉండాలి. ఐఎస్ 694 అని ఉంటే అది పీవీసీ.

ధర ఎక్కువే. ఇల్లంతా వేయడం కుదరకపోతే పడకగదులకు, బయటికి పరిగెత్తే దారికి, అంటే హాలు, మెట్లకు వేయించండి. పెద్దవాళ్లు, పిల్లలు పడుకునే గది ముందు. మామూలుగా లైట్లు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల సైజు వాడతారు. చుట్ట 90 మీటర్లు ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో కొలతలు వేయించుకుని వెళ్తే అదనపు చుట్ట ఖర్చు తప్పుతుంది.

ఒక జాగ్రత్త. 1.5 వైరుకు అది మోయలేనంత పెద్ద 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పెట్టినా, జాయింట్లు వదులుగా వదిలేసినా ఏ తొడుగూ కాపాడలేదు.