ఇంట్లో హుషారు, వీధిలో బెదురు: కుక్క కొత్తవాళ్లకు అలవాటు పడకపోతే ఏం చూడాలి

పట్టీ వేసుకుని నడవడం, పిలిస్తే రావడం మీ కుక్కకు వచ్చని అనుకునే ఇది రాస్తున్నాను. కొత్త మనుషులను చూసి మొరుగుతోందనో, పార్కులో అడుగు వేయనంటోందనో ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ చోట అది తిండి ముట్టిందా? చాలామంది జవాబు చెప్పలేరు, ఎందుకంటే జేబులో ఏమీ పెట్టుకోకుండానే వెళ్లి ఉంటారు. ఇంట్లో ఉడికించిన చికెన్ ముక్క కోసం గంతులేసే కుక్క బయట అదే ముక్కను వాసన కూడా చూడలేదంటే అది బెదిరిపోయి ఉందని అర్థం. నిద్ర రాకుండానే ఆవులించడం, పదే పదే మూతి నాక్కోవడం, కంటి తెల్లభాగం కనిపించేలా పక్కచూపులు చూడటం కూడా బెదురు గుర్తులే. కదలకుండా నిలబడితే ఎంత బుద్ధిగా ఉందోనని మురిసిపోతారు గానీ, తరచుగా అది భయంతో బిగుసుకుపోయి ఉంటుంది.

లక్షణం: నాలుగు నెలల కుక్కపిల్ల, ఇంటికి చుట్టాలు వస్తే మంచం కిందికి దూరుతుంది

కుక్కపిల్ల కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకునే వయసు సుమారు 3వ వారం నుంచి 14వ వారం వరకే ఉంటుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 16 వారాలు, గడప దాటనివ్వకపోతే ఆ వయసు నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వాంతులు, విరేచనాల జబ్బు) భయం నిజమైనదే, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. అయితే మొదటి టీకా వేసిన వారం తర్వాత పిల్లను నేల మీద దించకుండా చంకనెత్తుకుని కిరాణా కొట్టు దాకా తీసుకెళ్లడానికి ఏ అడ్డూ లేదు. వయసు దాటిపోయినా దారి మూసుకుపోదు, కాకపోతే వారాల్లో అయ్యే పని నెలలు పడుతుంది. వచ్చిన చుట్టాలు దాన్ని పట్టించుకోకుండా కూర్చుని, అప్పుడప్పుడు ఒక ముక్క దూరంగా విసిరితే చాలు. వాళ్ల చేతి నుంచే తినాలని పట్టుబట్టవద్దు.

లక్షణం: ఇంట్లో అందరితో చెలిమి, పార్కులో అందరి మీదా మొరుగుడు

నన్ను నాలుగు నెలలు తిప్పిన సమస్య ఇదే. మా లాబ్రడార్‌ను ప్రతి ఆదివారం హైదరాబాద్‌లోని నెక్లెస్ రోడ్డుకు తీసుకెళ్లేవాణ్ణి. టోపీ పెట్టుకుని నడిచేవాళ్లను చూస్తే చాలు, పట్టీ తెగేలా లాగి మొరిగేది. టోపీలవాళ్లను దూరంగా చూపించాను, ముక్కలు పెట్టాను, వేళలు మార్చాను. ఒక శిక్షకుడి మాట విని, లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్ కూడా వేశాను, దాంతో మొరుగుడు రెట్టింపైంది. చివరికి మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రెండు రోజులు పాడైంది. అయిదో అంతస్తు నుంచి మెట్ల మీద దిగి వెళ్లిన ఆ ఆదివారం అది గడ్డి వాసన చూసుకుంటూ తిరిగింది, టోపీల మధ్యే చికెన్ తిన్నది.

అది నెక్లెస్ రోడ్డు చేరేసరికే బెదిరి ఉండేదని అప్పుడు తెలిసింది. లిఫ్ట్‌ను దాని కళ్లతో చూస్తే, ఇనుప తలుపు ధడేల్‌మని మూసుకుంటుంది, తప్పించుకోవడానికి చోటు లేని పెట్టెలో ఎవరో అపరిచితుడు పైకి వంగి "కరుస్తదా సార్?" అంటూనే తల నిమురుతాడు, నున్నటి గ్రానైట్ మీద కాళ్లు జారతాయి. మనకు 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకు సుమారు 45,000 దాకా వినపడుతుంది కనుక మనకు నిశ్శబ్దమనిపించే లిఫ్ట్ దానికి అలా ఉండకపోవచ్చు. తర్వాత సెల్లార్‌లో మారుమోగే బైకులు, గేటు బయట వీధి కుక్కల గుంపు. ఒక్కో బెదురు చిన్నదే, కానీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. శరీరం నెమ్మదించడానికి గంటలు పట్టవచ్చు, మనమేమో పది నిమిషాల్లో దాన్ని జనం మధ్య నిలబెడతాం.

అందుకే చికెన్ పరీక్షను పార్కులో మొదలుపెట్టకండి. ఇంటి తలుపు, లిఫ్ట్ ముందు, సెల్లార్, గేటు, ఈ నాలుగు చోట్లా ఒక్కో ముక్క ఇచ్చి చూడండి. ఎక్కడ తినడం మానేసిందో బాగుచేయాల్సిన చోటు అదే, అంతకు ముందుకు ఆ రోజు వెళ్లనక్కరలేదు. లిఫ్ట్ దగ్గరే మానేస్తే, తలుపు తెరుచుకుని మూసుకోవడాన్ని నాలుగైదు మీటర్ల దూరం నుంచి చూపిస్తూ తినిపించండి. రోజులు గడిచే కొద్దీ దగ్గరికి జరగండి. ఆ తర్వాత తలుపు తెరిచి ఉంచి లోపలికి వెళ్లి వెంటనే బయటికి రండి, అది కుదిరాక ఒక్క అంతస్తు దిగండి. ఇదంతా తెల్లవారుజామునో, రాత్రి పది దాటాకో చేయాలి. లోపల కుక్క మూల వైపు, మీరు దానికీ జనానికీ మధ్య నిలబడాలి. ఎవరైనా ఎక్కబోతే తర్వాతి లిఫ్ట్‌లో రమ్మని మర్యాదగా చెప్పండి. మొహమాటపడితే నెల శ్రమ ఒక్క నిమిషంలో పోతుంది. ఈ సాధన జరిగినన్నాళ్లూ వీలైతే మెట్లే వాడండి, చిన్న పిల్లనైతే ఎత్తుకోండి. మాకు ఆరు వారాలు పట్టింది. కొండాపూర్ డాగ్ పార్కు లాంటివి ఆ తర్వాతి మాట.

లక్షణం: హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ మనిషి అంటే పడదు

మీరే హెల్మెట్ పెట్టుకుని ఇంట్లో తిరుగుతూ ముక్కలు వేయండి. ఇందులో అంతకు మించి ఏమీ లేదు.

లక్షణం: బోనాల డప్పులకు, వినాయక నిమజ్జనానికి వణుకు

పండగ రోజు నేర్పే రోజు కాదు. ఆ రోజు లోపలి గదిలో ఫ్యాన్ వేసి, కిటికీలు మూసి తోడుగా కూర్చోండి. డప్పు శబ్దాన్ని ఫోన్‌లో అతి తక్కువ ధ్వనితో వినిపిస్తూ తినిపించడం ఆషాఢానికి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

లక్షణం: మూడేళ్లు బాగున్న కుక్క ఉన్నట్టుండి ఎవరినీ తాకనివ్వడం లేదు

దీనికి అలవాట్లతో సంబంధం లేదనుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. వానాకాలంలో ముందు చెవులు చూపించండి, తర్వాత పళ్లు, కీళ్లు. గుర్రుమంటే తిట్టకండి, గుర్రు మాన్పించిన కుక్క హెచ్చరిక లేకుండా కరవవచ్చు. థైరాయిడ్ లోపం, చూపు మందగించడం కూడా కారణాలు కావచ్చు గానీ అవి అరుదు, వాటి సంగతి డాక్టరు తేలుస్తారు. నెట్‌లో వాటి గురించి చదువుతూ కూర్చునే ముందు ఒకసారి లిఫ్ట్ దాకా వెళ్లి చికెన్ తింటుందో లేదో చూసి రండి.