ఎగ్‌లెస్ అంటే సరిపోదు, ఇవీ చూడండి

గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే ఎగ్‌లెస్ కేకులు చేసి అమ్ముతాను. ఆర్డర్ ఇచ్చేవాళ్లు చాలామంది "గుడ్డు లేదుగా అమ్మా?" అని అడిగి ఊరుకుంటారు. కార్తీక మాసంలో నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు కూడా ఆ ఒక్క మాట మీదే తింటారు. అందుకే ఏ సరుకైనా ప్యాకెట్ వెనక చదివాకే గిన్నెలో వేస్తాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది జిలాటిన్. పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. మార్ష్‌మాలో, జెల్లీ బిళ్లలు, మూస్, కేకు మీద మెరిసే గ్లేజ్, కొన్ని రకాల ఫాండెంట్‌లో (కేకు మీద పరిచే చక్కెర ముద్ద) ఇది ఉంటుంది. దాని బదులు చైనా గ్రాస్ వాడండి, అది సముద్రపు నాచు నుంచి తీసేది. పుడ్డింగ్‌కైతే రెండు కప్పుల పాలకు ఒక టీస్పూను పొడి సరిపోతుంది. వేడి పాలలో కలిపేసి దించితే గడ్డకట్టదు. చల్లటి పాలలోనే ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద పెట్టి, తిప్పుతూ రెండు మూడు నిమిషాలు బాగా మరగనివ్వాలి. గరిటె వెనక పలుకులు కనిపించకపోతే కరిగినట్టు. ఫ్రిజ్ లేకపోయినా గడ్డకడుతుంది. మన గుంటూరు ఎండలకు జిలాటిన్ జారిపోతుంది కానీ ఇది నిలబడుతుంది.

ఎరుపు రంగు కొనేటప్పుడు కార్మైన్, కొచినీల్ అనే పేర్లు గానీ, పేరుకు బదులు రాసే 120 అనే కోడ్ నంబరు గానీ ఉందేమో చూడండి. అది ఎండబెట్టిన పురుగుల నుంచి తీసే రంగు. నేను బీట్‌రూట్ పొడి వాడతాను. రంగు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

చీజ్‌కేక్ చేస్తే రెన్నెట్ సంగతి చూసుకోవాలి. పాలు విరిచే ఈ ఎంజైమును పూర్వం నుంచీ దూడ పొట్ట నుంచి తీసేవారు. అసలైన ఇటలీ పార్మెజాన్ చీజ్‌లో ఇప్పటికీ అదే. మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవుల నుంచి తీసింది) అని రాసి ఉంటే భయం లేదు.

ఇక గుర్తులు. ఆకుపచ్చ చుక్క శాకాహారం, గోధుమరంగు త్రిభుజం మాంసాహారం. పాత ప్యాకెట్ల మీద త్రిభుజం బదులు గోధుమరంగు చుక్కే ఉండేది. అయితే పాలు, తేనె, తేనెమైనం, షెల్లాక్ ఉన్నా చట్టప్రకారం పచ్చచుక్క వేయొచ్చు. షెల్లాక్ అంటే లక్క పురుగు స్రవించే జిగురు, నంబరు 904. కొన్ని చాక్లెట్ బిళ్లల మెరుపు దాని వల్లే. విజయవాడ వన్‌టౌన్ నుంచి ఆర్డర్ ఇచ్చే జైన కుటుంబాలకు ఈ విషయం ముందే చెబుతాను, వాళ్లకు అది ముఖ్యం.

471 (నూనె, నీళ్లు కలిసేలా చేసేది), 631 (రుచి పెంచేది) నంబర్లతో రాసే పదార్థాలు మొక్కల నుంచీ రావొచ్చు, జంతువుల నుంచీ రావొచ్చు. నంబరు చూసి తేల్చలేం. కోడ్ రాసి ఊరుకోకుండా ఆ పదార్థం దేని నుంచి వచ్చిందో కూడా చెప్పాలని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. పచ్చచుక్క లేని విదేశీ ప్యాకెట్లో ఈ నంబర్లుంటే నేను కొనను.

బేకరీలో విడిగా అమ్మేవాటికి లేబులే ఉండదు. అక్కడ "వెజ్జేనా?" అని అడగకండి, అవునంటారు. "జిలాటిన్ ఏమైనా వేశారా? మయొనైజ్‌లో గుడ్డుందా?" అని పేరు పెట్టి అడగండి. అనుమానం తీరకపోతే వాళ్లు వాడిన డబ్బా చూపించమనండి. చూపించనంటే కొనకండి.