విండోస్ అప్‌డేట్లకు నెలకో శనివారం

ఆఫీసులో ఐదారు విండోస్ 11 కంప్యూటర్లు ఉంటే అప్‌డేట్లను వాటి ఇష్టానికి వదిలేయకండి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు) వదులుతుంది. మనకు అప్పటికి రాత్రి పదిన్నర దాటుతుంది. బుధవారం పొద్దున్నే సిస్టమ్‌లన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెట్టి నెట్ నత్తనడక నడిచేది ఇందుకే.

ముందు ఒక్క సిస్టమ్‌కే అప్‌డేట్ వేయండి, పని తక్కువ ఉండేదానికి. మిగతావాటిలో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్‌కి వెళ్లి వారం పాటు పాజ్ పెట్టండి. రెండు మూడు రోజులు ఆ సిస్టమ్‌లో ప్రింటర్, స్కానర్, ట్యాలీ, వేలిముద్ర యంత్రం సరిగా నడుస్తున్నాయో చూసి, శనివారం సాయంత్రం మిగతావాటికి వేయండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్‌లో లోకల్ నెట్‌వర్క్ ఎంచుకుంటే, ఒక సిస్టమ్ దించుకున్న ఫైళ్లను మిగతావి దాన్నుంచే తీసుకోగలవు. డేటా బాగా ఆదా అవుతుంది.

సి డ్రైవ్‌లో 20 జీబీ అయినా ఖాళీ ఉంచండి. చోటు లేకే చాలా అప్‌డేట్లు మధ్యలో ఆగిపోతాయి. ట్యాలీ డేటా బ్యాకప్ ముందే బయటి డ్రైవ్‌లోకి తీయండి.

అయ్యాక తప్పకుండా రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ (సిస్టమ్ త్వరగా తెరుచుకునేలా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ కెర్నల్‌ను, అంటే విండోస్ మూలభాగాన్ని, డిస్క్‌లో దాచి మళ్లీ అదే తెస్తుంది, పాత డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రామ్‌లు) అలాగే ఉండిపోతాయి.

బయోస్ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డులో నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ మాత్రం నెలనెలా అక్కర్లేదు. వేయాల్సి వస్తే యూపీఎస్ మీదే వేయండి, బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సౌకర్యం) తర్వాత అడగవచ్చు కాబట్టి దాని 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి.