మా టామీకి పాలకోవా పడలేదు, ఎట్లా తగ్గిందంటే

కడపలో మా ఇంట్లో పాలకోవా పొట్లం విప్పితే చాలు, మా కుక్క టామీ వచ్చి ఎదురుగా కూర్చుంటాది. తుంచి పెట్టిన రోజు రాత్రంతా కడుపులో గుడగుడ, తెల్లారేసరికి వాకిట్లో నీళ్ల విరేచనాలు. తిండి మార్చినాం, నట్టల మందు వేసినాం, లాభం లేదు.

చివరికి పాలు, కోవా, ఐస్‌క్రీం అన్నీ బందు పెట్టినా. ఒక పూట నీళ్లు మాత్రమే. తర్వాత మెత్తగా ఉడికిన అన్నం గుప్పెడు, అందులోకి ఉప్పూ ఉల్లిగడ్డా రెండూ వేయకుండా ఉడకేసిన కోడిమాంసం పీచులు పీచులుగా చిదిమి, రోజుకు నాలుగుసార్లు. మూడోరోజుకు విరేచనం గట్టిపడింది. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, సరిగా అరగదు. కోవా అంటే పాలు ఇగరబెట్టిందే కదా!

అన్నిటికీ ఇదే పనిచేస్తాదని చెప్పలేను. కుక్కపిల్లలను పస్తు పెట్టొద్దండి. రక్తం పడితే నేరుగా డాక్టరు దగ్గరికే. చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన షుగర్‌ఫ్రీ స్వీట్లయితే విషమే.

కోవా డబ్బా ఇప్పుడు అటక మీద ఉంది. టామీకి చాటుగా కోవా పెట్టింది మా జేజి (అవ్వ) అని తర్వాత తెలిసింది.