థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదా?

ఇంతకీ ఇది థైరాయిడేనా?

ఇంట్లో అందరూ ఫ్యాన్ పెంచమంటుంటే మీరొక్కరే దుప్పటి వెతుక్కోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండటం. వీటిలో ఏ ఒక్కటీ థైరాయిడ్‌కే ప్రత్యేకం కాదు. మూడు నాలుగు కలిసి నెలల తరబడి వదలకపోతే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోను) పరీక్షలు చేయించాలి. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని గట్టిగా కేకేస్తుంది. ఆ కేకే టీఎస్‌హెచ్. అందుకే జబ్బు ముదిరేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే చాలామందికి వెంటనే మందు అక్కర్లేదు, రెండు మూడు నెలలాగి మళ్ళీ చూస్తారు. గర్భిణుల లెక్క వేరు.

మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎక్కువే

డోసు పెంచమని అడిగే ముందు మీ వంటింట్లో పొద్దున ఆరు గంటలకు ఏం జరుగుతోందో చూడండి. ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో కాఫీ గ్లాసు ఉంటే కారణం దొరికినట్టే. ఈ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్. దాన్ని పేగు అంత తేలిగ్గా పీల్చుకోదు. కాఫీ, పాలు, టిఫిన్ తోడైతే ఇంకా తక్కువ పీల్చుకుంటుంది. పరగడుపున, మంచినీళ్ళతోనే వేసుకుని, కనీసం అరగంట, కుదిరితే గంట ఏమీ ముట్టుకోకూడదు. పొద్దున కాఫీ ఆపలేనివాళ్ళు డాక్టరుతో మాట్లాడి రాత్రికి మార్చుకోవచ్చు, భోజనమైన మూడు గంటల తర్వాత.

కాల్షియం, ఐరన్ బిళ్లలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇవి లెవోథైరాక్సిన్‌ను పట్టుకుని పేగులోంచి రక్తంలోకి వెళ్ళనివ్వవు. మల్టీవిటమిన్‌లో కూడా ఈ రెండూ ఉంటాయన్న సంగతి చాలామంది గమనించరు. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర సంగతీ డాక్టరుకు చెప్పండి.

డబ్బా ఎక్కడ పెడుతున్నారు? వేడి, వెలుతురు, తేమ ఈ మందుకు పడవు. పొయ్యి పక్క అలమర, రోహిణి కార్తె ఎండ తగిలే కిటికీ గట్టు రెండూ పనికిరావు. బీరువాలో, మూత బిగించి ఉంచండి. ప్రతిసారీ ఒకే బ్రాండు కొనండి. కొన్నప్పుడు లేబుల్ మీద మైక్రోగ్రాములు చదవండి: 25కి, 125కి తేడా ఒక్క అంకే.

డోసు మారాక 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించాలి. ఒంట్లో మందు సగం తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి అంతకుముందు వచ్చే అంకెను నమ్మలేం. ఒక్క రోజు మరిచిపోతే కొంప మునగకపోవడానికి కారణం కూడా అదే.

రిపోర్టు ఒకటి, ఒళ్ళు ఇంకొకటి

జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా? కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను లేనిపోని తక్కువగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర వేసుకోండి.

టీఎస్‌హెచ్ సరిపోయింది, నీరసం పోలేదు

హిమోగ్లోబిన్, బీ12 చూపించుకోండి. బరువు విషయంలో ఆశ తగ్గించుకోవాలి: థైరాయిడ్ వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులోనూ చాలావరకు నీరు. పదిహేను కిలోలు పెరిగితే నేరమంతా దానిదే కాదు. ఉడికించిన క్యాబేజీని మామూలుగా తినొచ్చు. దాన్ని మానేసినంత మాత్రాన టీఎస్‌హెచ్ దిగదు.

గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం

డోసు ఎక్కువైన లక్షణాలివి. సొంతంగా ఆపేయకుండా టీఎస్‌హెచ్ చేయించి డాక్టరుకు చూపించండి. వయసు పైబడినవాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచేది ఈ భయంతోనే.

నెల తప్పితే

బిడ్డకు మొదటి నెలల్లో థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి. పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మామూలుగా డోసు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెంచుతారు. వారానికి 7 మాత్రల బదులు 9 వేసుకోమనడం అందుకే. ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. కాన్పు కాగానే పాత డోసుకు దిగి, ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష.