సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు: సర్వీస్ రికార్డులో కనిపించే తేడాలు, కారణాలు, పరిష్కారాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి కార్లు వాడేవారు కంపెనీ సర్వీసు కోసం సాధారణంగా హైదరాబాద్‌కే వెళ్తారు. రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్ల పని కావడంతో, వారంటీ ఉన్నంతకాలం శ్రద్ధగా తీసుకెళ్లినవారు కూడా ఆ తరువాత వాయిదాలు వేస్తుంటారు. కనుక ఇక్కడ అమ్మకానికి వచ్చే కార్ల సర్వీస్ చరిత్రలో ఖాళీలు ఉండడం మామూలే. ఖాళీ కనిపించగానే కారును వదులుకోనక్కరలేదు, ముద్రలన్నీ ఉన్నాయని కొనేయనూ కూడదు. కాగితం చెప్పేది, కంపెనీ కంప్యూటర్ చెప్పేది, కారు చెప్పేది ఒకదానికొకటి పొంతన కుదురుతున్నాయా అన్నదే చూడాలి.

సమస్య: సర్వీస్ బుక్కు నిండుగా ఉంది, కంపెనీ రికార్డులో మాత్రం సగమే ఉంది

బుక్కును తరువాత ఒకే రోజు కూర్చుని నింపి ఉండవచ్చు. ఐదేళ్ల ఎంట్రీలు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో ఉండి, రీడింగులు 10,000, 20,000, 30,000 అని గుండ్రంగా పడి ఉంటే అనుమానించాలి. నిజంగా సర్వీసుకు వెళ్లిన కారు రీడింగ్ 13,874 అనో 28,409 అనో ఉంటుంది. పైగా ఈ మధ్యకాలపు మెర్సిడెస్, బీఎండబ్ల్యూలకు రికార్డు డిజిటల్‌గానే ఉంటుంది కాబట్టి, అలాంటి కారుకు ముద్రల పుస్తకం చూపిస్తే ముందుగా ఆ పుస్తకం ఎక్కడిదని అడగాలి.

ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరును కారుపై చెక్కిన నంబరుతో పోల్చుకుని, యజమాని ద్వారానే అధీకృత సర్వీస్ సెంటర్ నుంచి హిస్టరీ ప్రింటు తెప్పించాలి. బ్రోకర్ ఫోనులో చూపించే ఫొటో సరిపోదు. అదే నంబరుతో కంపెనీ ఉచితంగా చేయవలసిన రీకాల్ పనులేవైనా మిగిలి ఉన్నాయేమో కూడా అడగాలి.

సమస్య: మూడు, నాలుగేళ్ల తరువాత రికార్డు ఆగిపోయింది

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. వారంటీ అయిపోయాక ఖర్చు తగ్గించుకోవడానికి బయటి గ్యారేజీకి మారడం తప్పేమీ కాదు. జర్మన్ కార్లలో అనుభవమున్న మంచి గ్యారేజీలు హైదరాబాద్‌లో ఉన్నాయి. అక్కడ ఏ నూనె పోశారు, ఏ భాగం మార్చారు అన్నదానికి ఆధారం లేకపోవడమే అసలు చిక్కు. నా మటుకు, పార్టు నంబర్లతో సహా బయటి గ్యారేజీ బిల్లులన్నీ దాచిన కారు, ముద్రలు తప్ప మరేమీ చూపలేని కారు కన్నా మేలు.

బిల్లుపై తేదీ, రీడింగ్, నూనె రకం మూడూ ఉండాలి. "ఇంజిన్ ఆయిల్" అని మాత్రమే రాస్తే చాలదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న మెర్సిడెస్ డీజిల్‌కు ఎంబీ 229.51 వంటి, అదే తరహా బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-04 వంటి ఆమోదమున్న నూనె వాడాలి. సాధారణంగా 15,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు నూనె మారాలి కాబట్టి, కారు తక్కువ తిరిగిందన్న కారణంతో రెండేళ్లు వదిలేయడం కూడా లోపమే.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి విడిగా అడగాలి. బీఎండబ్ల్యూ దానిని జీవితకాలం మార్చనక్కరలేనిదిగా చెప్పినా, వాటిలో చాలా గేర్‌బాక్సులను తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఆడిలోని ఎస్‌ట్రానిక్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్)లో, క్లచ్‌లు నూనెలో తడిసే ఏడు గేర్ల రకానికి సాధారణంగా 60,000 కిలోమీటర్లకే మార్చాలి. లక్ష దాటిన కారుకు ఈ బిల్లు లేకపోతే ఆ పని జరగలేదనే లెక్క వేసుకుని, నూనె, ఫిల్టర్, కూలి ఖర్చులకు కొటేషన్ తీసుకుని బేరంలో తగ్గించమనాలి.

సమస్య: కారు వయసుకు మీటర్ రీడింగ్ మరీ తక్కువగా ఉంది

మన జిల్లాల్లో ఇది గట్టిగా పరీక్షించవలసిన విషయం. వారానికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొచ్చే మిర్యాలగూడ మిల్లు యజమాని కారైనా, జడ్చర్ల రియల్ ఎస్టేట్ వ్యాపారి కారైనా ఏడాదికి 20,000 కిలోమీటర్లు సులభంగా దాటుతుంది. ఏడేళ్ల కారు 38,000 చూపిస్తే, అది ఇంట్లో కదలకుండా ఉండి ఉండాలి, లేదా మీటర్ వెనక్కి తిప్పి ఉండాలి.

దీనికి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ మంచి ఆధారం. యజమానిని బ్యాంకు నుంచి తీయించమని అడిగి, నల్లగొండ కారైతే పంతంగి టోల్, మహబూబ్‌నగర్ కారైతే రాయికల్ టోల్ ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టాలి. ఒక్కొక్క దాటుకు సుమారు వంద కిలోమీటర్లు వేసుకుంటే కనీస ప్రయాణం తేలుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి అంతకుముందు కాలానికి మాత్రం ఇది పనికిరాదు. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో ఇతర కంట్రోల్ యూనిట్లలో (ఇంజిన్, గేర్‌బాక్స్ వంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్లలో) దాగిన రీడింగులను కూడా చూడమని మెకానిక్‌కు చెప్పాలి. డ్యాష్‌బోర్డులో మార్చినవారు అన్నిచోట్లా మార్చలేకపోవచ్చు. టైరుపై 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. 2017 కారుకు ఇలాంటి టైర్లు నాలుగూ ఉంటే మొదటి సెట్టు ఎందుకు అంత త్వరగా పోయిందో అడగాలి. బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఒక మాట: హైవే మీద తిరిగిన లక్ష కిలోమీటర్లు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలిగిన 40,000 కన్నా ఇంజిన్‌కు తక్కువ భారం కావచ్చు.

సమస్య: స్కానర్‌లో ఒక్క లోపమూ కనిపించదు

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లను కొద్దిసేపటి ముందే చెరిపి ఉండవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, 50 కిలోమీటర్లు నడిపాక మళ్లీ స్కాన్ చేయించాలి. ఎన్47 ఇంజిన్ ఉన్న పాత బీఎండబ్ల్యూ డీజిల్‌లో గేర్‌బాక్స్ వైపు గలగల శబ్దం వస్తే టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి కదిలించే గొలుసు) అరిగిందని అనుమానించాలి. దాన్ని మార్చడానికి ఇంజినో గేర్‌బాక్సో దించవలసి ఉంటుంది.

సమస్య: ప్రమాదం జరగలేదంటారు, పాలసీలో నో క్లెయిమ్ బోనస్ సున్నా

బీమా క్లెయిమ్ లేకుండా వరుసగా ఐదేళ్లు గడిస్తే, ప్రీమియంలో తగ్గింపుగా ఇచ్చే ఈ బోనస్ 50 శాతానికి చేరుతుంది. క్లెయిమ్ చేస్తే, ప్రత్యేక రక్షణ తీసుకుని ఉంటే తప్ప, సున్నా అవుతుంది. అయితే బోనస్ కారుకు కాక యజమానికి చెందుతుంది కాబట్టి, కొత్తగా కొన్న రెండో యజమాని పాలసీలో సున్నా ఉండడం సహజమే. పాత పాలసీలు అడిగి, క్లెయిమ్ తేదీకి సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు (చేసిన పనుల పత్రం) ఉందేమో చూడాలి.

సమస్య: ధర బాగా తక్కువ, కారు ఇతర రాష్ట్రానిది

పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఢిల్లీలో పెట్టిన పరిమితి (2025లో కొంత సడలించారు) వల్ల అక్కడి కార్లు ఇక్కడికి చవగ్గా వస్తుంటాయి. వరదలో మునిగిన కార్లు కూడా ఇలాగే దూరం పంపిస్తారు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో, సీటు కింది బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి. పాత రాష్ట్రపు రవాణా శాఖ ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రుణం తీరిందన్న ఫారం 35, ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్ తేలేవరకు టోకెన్ సొమ్ము కూడా ఇవ్వకూడదు. ట్యాక్స్ కలిపితే ఆ చవక ధర స్థానిక కారు ధరను దాటిపోయే అవకాశమూ ఉంది.