చికిత్సలు ఆపి దత్తత వైపు: దరఖాస్తు ఎప్పుడు, ఎలా

మా ఫ్రిజ్ తలుపులో పైఅర ఐదేళ్ల పాటు ఇంజెక్షన్ పెట్టెలకే సరిపోయింది. నాలుగోసారి చేయించిన ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని తయారుచేసే సంతాన చికిత్స) కూడా నిలవకపోయాక, ఒక ఆదివారం వాటన్నిటినీ తీసేసి అక్కడ నిమ్మకాయలు పెట్టాను. దత్తత గురించి మేమిద్దరం మొహాలు చూసుకుని మాట్లాడుకున్నది ఆ రోజే. అప్పుడు నాకు 41, మా ఆయనకు 45. కలిపితే 86. ఈ కూడిక దరఖాస్తులో ఎంత పని చేస్తుందో మాకు అప్పటికి తెలియదు. ఇప్పుడు అదే దారిలో ఉన్నవాళ్లు తరచూ నన్ను అడుగుతున్నారు కాబట్టి, తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. అనాథలైన పిల్లలు, ఎవరో వదిలేసిన పిల్లలు, కన్నవారు పెంచలేక చట్టబద్ధంగా అప్పగించిన పిల్లలు, వీళ్ల దత్తత మన దేశంలో ఒకే దారిలో జరగాలి. ఆ దారిని చూసేది కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కింద ఉన్న ‘కారా’, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, 2022 సెప్టెంబరులో వచ్చిన దత్తత నిబంధనలు దీనికి ఆధారం. దరఖాస్తు ‘కేరింగ్స్’ అనే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఇలాంటి పిల్లల్ని ఉంచే శిశుగృహకు వెళ్లి, చూసి ఒకరిని ఎంచుకునే పద్ధతి లేదు. ఉండకూడదు కూడా.

వయసు లెక్క ముందు చూసుకోండి

దంపతుల ఇద్దరి వయసులూ కలిపి చూస్తారు. మొత్తం 85 దాటకపోతే రెండేళ్ల లోపు బిడ్డకు అర్హత ఉంటుంది. 90 వరకు అయితే రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డ, 100 వరకు అయితే నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డ, 110 వరకు అయితే ఎనిమిది దాటి 18 ఏళ్ల లోపు పిల్లలు. ఒంటరిగా దత్తత తీసుకునేవారికి ఇవే మెట్లలో 40, 45, 50, 55 హద్దులు. తల్లిదండ్రులిద్దరిలో ఎవరికైనా సరే, బిడ్డకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి.

మాలాంటి వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 2021 నాటి చట్టం ప్రకారం ఐవీఎఫ్ వంటి చికిత్సలు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల వరకు చేయించుకోవచ్చు. అందుకే ఆస్పత్రిలో ‘ఇంకా సమయం ఉందమ్మా’ అంటారు. వాళ్ల లెక్కలో అది నిజమే. దత్తత లెక్కలో మాత్రం ఏడాది గడిస్తే ఇద్దరి మొత్తానికి రెండేళ్లు కలుస్తాయి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని మేము ఆగిన రెండేళ్లలో 82 కాస్తా 86 అయింది. మా పాప మూడో ఏట మా దగ్గరకు వచ్చింది, ఆమె తప్ప ఇంకెవరూ మాకు అక్కర్లేదు. అయినా పసికందును ఎత్తుకోవాలన్న ఆశ బలంగా ఉన్నవాళ్లు ఈ కూడికను ఈ రాత్రే వేసుకోండి.

చికిత్స బాధ పూర్తిగా మానిన తర్వాతే దరఖాస్తు పెట్టాలని కొందరు ఆగుతారు. ఆ ఆలోచనలో తప్పు లేదు, కానీ దరఖాస్తు పెట్టిన వెంటనే బిడ్డ రాదు. మనసు కుదుటపడటానికి కావలసినంత సమయం ఆ ఎదురుచూపులోనే దొరుకుతుంది. దత్తతకు ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా అన్నది తేల్చుకోండి. అది తేలితే తేదీని పోనివ్వకండి.

అర్హతలో మిగిలిన సంగతులు క్లుప్తంగా: పెళ్లయి కనీసం రెండేళ్లు కలిసి స్థిరంగా కాపురం చేస్తూ ఉండాలి, ఇద్దరి సమ్మతీ ఉండాలి. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలున్న దంపతులను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, తీసుకునేవాళ్లు దొరకని పిల్లలకు మాత్రమే పరిగణిస్తారు.

కాగితాలు

పిల్లలు పుట్టరని డాక్టరు రాసిన పత్రం అక్కర్లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను చికిత్సల ఫైలు మొత్తం సంచిలో వేసుకుని దత్తత సంస్థకు వెళ్లాను. స్కానింగులు, రక్తపరీక్షలు, బిల్లులు అన్నీ. అక్కడి సామాజిక కార్యకర్త ఆ ఫైలును ముట్టుకోనే లేదు. ‘ఇది మీ దగ్గరే ఉంచుకోండి’ అంది. ఐదేళ్లలో ఆ ఫైలు అడగకుండా నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

కావలసినవి ఇవి: దంపతుల ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీ రుజువు, ఆధార్ లేదా ఓటరు కార్డు లాంటి చిరునామా రుజువు, ఆదాయ రుజువు, పెళ్లి ధ్రువపత్రం. వీటితోపాటు మీకు దీర్ఘకాలిక, అంటువ్యాధి లేదా ప్రాణాంతక జబ్బులు లేవనీ, దత్తతకు తగిన ఆరోగ్యం ఉందనీ వైద్యుడిచ్చే పత్రం కావాలి. విడాకులు తీసుకున్నవారైతే కోర్టు డిక్రీ, జీవిత భాగస్వామి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం జత చేయాలి.

మన దగ్గర ఎక్కువ చిక్కులు ఇంటిపేరుతో వస్తాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, పాన్‌లో ఒట్టి ఇనీషియల్. ముగ్గురు వేర్వేరు మనుషులన్నట్టు కనిపిస్తుంది. దరఖాస్తుకు ముందే వీటిని ఒక దారికి తెచ్చుకోండి. గుడిలో పెళ్లి చేసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోని వాళ్లు అది కూడా ముందే పూర్తి చేసుకోవాలి. పెళ్లి ఫొటోలు, శుభలేఖ వెతికి పక్కన పెట్టుకోండి.

నమోదు

పోర్టల్‌లో దేశంలో నివసించే భారతీయుల విభాగంలో ఇద్దరి వివరాలూ నింపి, కాగితాలు ఎక్కించాలి. బిడ్డ ఆడపిల్లా, మగపిల్లాడా, ఎవరైనా సరేనా, ఏ వయసు, ఏ రాష్ట్రం, ఆరోగ్య పరిస్థితి ఎలా ఉన్నా సరేనా, తోబుట్టువులైతే ఇద్దరినీ తీసుకుంటారా అన్నవి అక్కడ ఎంచుకోవాలి. కులం ఎంచుకునే గడి ఆ దరఖాస్తులో లేదు. పెద్దవాళ్లు ఈ ప్రశ్న అడుగుతారు. మా అత్తగారూ అడిగారు. ఈ మాట ఇంట్లో ముందే తేల్చుకోవడం బిడ్డకు మేలు.

ఇంటికి దగ్గర్లోని ప్రత్యేక దత్తత సంస్థను కూడా ఎంచుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళాభివృద్ధి శిశు సంక్షేమ శాఖ నడిపే శిశుగృహలు ఈ పని చూస్తాయి. ఆన్‌లైన్‌లో చేయడం చేతకాకపోతే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి అడగండి. నమోదు సంఖ్య రాగానే ఆ రశీదును ప్రింటు తీసి దాచుకోండి. అందులో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం వీలైనంతవరకు మార్చకండి. మార్చక తప్పకపోతే అదే రోజు పోర్టల్‌లో కూడా మార్చండి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన కబురు వచ్చేది ఆ నంబరుకే.

ఇంటికి వచ్చే మనిషి

కాగితాలన్నీ అందాక 60 రోజుల్లోపు సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి గృహ పరిశీలన నివేదిక తయారు చేస్తారు. అందరూ దీన్ని హోమ్ స్టడీ అంటారు. దీనికి 6,000 రూపాయలు కట్టాలి. మిగిలిన ఖర్చులకూ నిబంధనల్లో పట్టిక ఉంది, ప్రతిదానికీ రశీదు తీసుకోండి. విరాళం పేరుతో ఎవరు అడిగినా ఇవ్వకండి.

ఆ రోజు కోసం నేను గోడలకు రంగులు వేయించాను. వచ్చినావిడ గోడల వంక చూడలేదు. మేడ మీదికి మెట్లెక్కి పిట్టగోడ ఎత్తు చూసింది. వంటింట్లో నీళ్లు ఎక్కడివని అడిగింది. తర్వాత మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. ఉద్యోగం, అప్పులు, పోట్లాటలు, ఇద్దరిలో ఎవరికి కోపం ఎక్కువ, బిడ్డను పగలు ఎవరు చూసుకుంటారు. చివరికి నన్ను అడిగింది: ‘రేపు మీకు గర్భం వస్తే ఈ బిడ్డ సంగతి ఏమిటి?’

ఈ ప్రశ్నకు జవాబు బట్టీ పట్టకండి. నేను ఏడ్చాను. పోయిన నాలుగు పిండాలను ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూ ఉంటానని చెప్పాను. ఆ లెక్కలో ఖాళీ నింపడానికి బిడ్డను తెచ్చుకోవడం లేదని కూడా చెప్పాను, ఆ మాట నా నోటి నుంచి వస్తుంటే నాకే మొదటిసారి తెలిసింది. ఏడిస్తే నివేదిక చెడిపోతుందని కొందరు భయపెడతారు. ఆమె నాకు మంచినీళ్లు ఇచ్చి, పది నిమిషాలు ఆగి, మళ్లీ రాసుకుంది. మా నివేదిక ఆమోదం పొందింది. దీని గడువు మూడేళ్లు. ఆ తర్వాత మళ్లీ పునరుద్ధరించుకోవాలి.

ఎదురుచూపు, అడ్డదారులు

2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. పన్నెండేళ్లలో అదే ఎక్కువ. నమోదు చేసుకుని ఎదురుచూసే కుటుంబాలు మాత్రం వేల సంఖ్యలో ఉన్నాయి. అందుకే పసిబిడ్డ కోసం మూడేళ్లు దాటడం మామూలైంది. మాకు రెండేళ్ల మూడు నెలలు పట్టింది. వయసు పెరిగిన పిల్లలు, ఆరోగ్య ఇబ్బందులున్న పిల్లలు, విడదీయకూడని అన్నాచెల్లెళ్లు ‘తక్షణ దత్తత’ విభాగంలో కనిపిస్తారు. వాళ్లకు ఈ క్యూ వర్తించదు. జాలితో కాదు, మీకు ఆ శక్తి ఉందనిపిస్తే అటువైపు తప్పక చూడండి.

ఈ ఎదురుచూపులోనే అడ్డదారులు తలుపు తడతాయి. ‘మా ఊళ్లో ఒకామె కనబోతోంది, ఖర్చులిస్తే చాలు’ అని ఎవరో చెబుతారు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలసిన వాళ్లను వీళ్లు సులువుగా గుర్తుపడతారు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం వ్యవహారం బయటపడింది. సరోగసీ (అద్దె గర్భం) అని చెప్పి లక్షలు తీసుకుని ఇచ్చిన బిడ్డ, డీఎన్ఏ పరీక్షలో ఆ దంపతుల బిడ్డ కాదని తేలింది. పిల్లల్ని కొనడం, అమ్మడం రెండూ నేరాలే. ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. డబ్బు చేతులు మారకపోయినా, అనాథ బిడ్డను నిబంధనలు పాటించకుండా దత్తత తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, లక్ష జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నోటరీ చేసిన స్టాంపు కాగితం ఆ బిడ్డను మీ బిడ్డగా చేయదు. ఏ రోజైనా పోలీసులు వచ్చి మీ ఒళ్లోంచి తీసుకెళ్లవచ్చు. ఎక్కడైనా దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

హిందువుల్లో తోబుట్టువుల బిడ్డను కన్నవాళ్లే స్వయంగా ఇచ్చే పెంపకానికి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వేరే దారి చూపుతుంది. దానికి సబ్ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజు చేయించుకోవడం క్షేమం. అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

48 గంటలు

సీనియారిటీ ప్రకారం మీ వంతు రాగానే పోర్టల్‌లో బిడ్డ ఫొటో, బిడ్డ గురించిన పరిశీలన నివేదిక, వైద్య నివేదిక కనిపిస్తాయి. దీన్ని రిఫరల్ అంటారు. 48 గంటల్లో ఆ బిడ్డను రిజర్వు చేసుకోవాలి. ఇలాంటి అవకాశాలు మూడు వస్తాయి, మూడూ వదులుకుంటే ఏడాది వరకు మళ్లీ నమోదు కుదరదు. కాబట్టి వైద్య నివేదిక చదివి చెప్పగల పిల్లల డాక్టరును ముందే మాట్లాడి పెట్టుకోండి. మాకు రాత్రి తొమ్మిదికి మెసేజ్ వచ్చింది. ఆ నివేదికలో బరువు తక్కువని ఉంది. డాక్టరు ఫోన్‌లోనే చదివించుకుని, తిండితో సర్దుకునేదే అన్నారు.

రిజర్వు చేశాక శిశుగృహకు వెళ్లి దత్తత కమిటీ ముందు బిడ్డను కలవాలి. ఆయా చీరకొంగు పిడికిట్లో పట్టుకుని ఒక పిల్ల మా వైపు చూసింది. మేము పిలవలేదు. నేలమీద కూర్చున్నాం, అంతే. అరగంట తర్వాత వచ్చి మా ఆయన చేతి గడియారం ముట్టుకుంది. మీరు వెళ్లినప్పుడు కూడా ఎత్తుకోవాలని తొందరపడకండి. నివేదికల మీద సంతకాలయ్యాక, ఉత్తర్వు రాకముందే, దత్తత పూర్వ సంరక్షణ కింద బిడ్డను ఇంటికి పంపుతారు.

కలెక్టరు ఉత్తర్వు

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. ఆ ఉత్తర్వు కోసం దరఖాస్తు వేసేది దత్తత సంస్థే. రెండు నెలల్లో పరిష్కరించాలని నిబంధన. ఉత్తర్వు రాగానే బిడ్డకు మీ పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది, ఆస్తితో సహా కన్నబిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి. ఉత్తర్వు ధ్రువీకృత నకళ్లు నాలుగైదు తీసుకోండి, ఆధార్‌కూ పాస్‌పోర్టుకూ పనికొస్తాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు భారత పౌరులైతే సీనియారిటీలో ఇక్కడివారితో సమానమే. అయితే వాళ్ల హోమ్ స్టడీ, నమోదు ఆ దేశంలో కారా గుర్తింపు పొందిన సంస్థ ద్వారా జరగాలి. అలాంటి సంస్థ లేనిచోట భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. బిడ్డను తీసుకెళ్లడానికి కారా నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

ఆ తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సామాజిక కార్యకర్త వస్తుంటారు. దీన్ని తనిఖీ అనుకోకండి. నిద్ర పట్టకపోవడం, అన్నం దాచుకోవడం, రాత్రుళ్లు ఏడవడం లాంటివి ఉంటే దాచకుండా చెప్పండి. మా పాప మొదట్లో ఇడ్లీ ముక్కలు దిండు కింద పెట్టుకునేది. అది చెప్పినప్పుడు ఆవిడ, రోజూ ఒకే చోట మూత లేని గిన్నెలో తినుబండారాలు పెట్టి, పాపకు అందే ఎత్తులో ఉంచమంది. మూడు వారాల్లో ఆ అలవాటు పోయింది. గిన్నె మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.